వంద గజాల లెక్క

బడి గోడ నుంచి 100 గజాల లోపల సిగరెట్లు, బీడీలు, ఖైనీ ఏవీ అమ్మకూడదని మన దేశంలో చట్టం ఉంది. 2003లో వచ్చింది. పూర్తి పేరు చాంతాడంత ఉంటుంది కాబట్టి అందరూ కోట్పా అంటారు. అందులో ఆరో సెక్షన్ రెండు ముక్కలే చెబుతుంది. 18 ఏళ్లు నిండనివాళ్లకు పొగాకు అమ్మకూడదు. విద్యాసంస్థ చుట్టూ 100 గజాల్లో ఎవరికీ అమ్మకూడదు. మన కాలేజీ గేటు దగ్గర కూడా ఆ బోర్డు ఉంది, కానీ చదివినవాళ్లు తక్కువ. టీ గ్లాసు పట్టుకుని ఆ బోర్డుకు ఆనుకుని నిలబడేవాళ్లే ఎక్కువ.

నేను చెప్పాలనుకున్నది సిగరెట్ తాగితే ఊపిరితిత్తులు పాడవుతాయని కాదు. అది ప్యాకెట్ మీదే ఉంది, 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్‌లో 85 శాతం మేర బొమ్మతో సహా ఉంది. నా ప్రశ్న వేరే. ఒకే వయసున్న ఇద్దరు పిల్లల్లో ఒకడికి రోజూ పొగాకు అంగడి ఎందుకు ఎదురవుతుంది, ఇంకొకడికి ఎందుకు ఎదురవదు? ఎవడు ఎదురుపడాలో ముందే ఎవరు నిర్ణయిస్తున్నారు?

మాది యాగంటికి దగ్గర్లో ఒక పల్లె. యాగంటి అంటే మీలో చాలామందికి ఉమామహేశ్వరుడి గుడి, కోనేరు, గుహలు, పెరిగే బసవన్న గుర్తొస్తాయి. బనగానపల్లె నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక మేం కర్నూలోళ్లం కాస్తా నంద్యాలోళ్లం అయ్యాం. అగస్త్యుడి శాపం వల్ల యాగంటికి కాకులు రావంటారు. సిగరెట్లకు అలాంటి శాపం ఏదీ తగిలినట్టు లేదు. బసవన్న ఇరవై ఏళ్లకు ఒక అంగుళం పెరుగుతాడని మా వాళ్లు చెప్పుకుంటారు గానీ, శివరాత్రికీ కార్తీక మాసానికీ రోడ్డు పక్కన బంకులు పెరిగే వేగం ముందు అదేం లెక్క కాదు.

బంకు అంటే తెలియని కోస్తా మిత్రుల కోసం ఒక మాట. మీరు బడ్డీ కొట్టు అనేదాన్నే మేం బంకు అంటాం. రేకుల డబ్బా, ముందుకు తెరుచుకునే పలక, లోపల మనిషి కూర్చునేంత చోటు. పలక మీద చాక్లెట్ల సీసాలు, బిస్కెట్లు. పైనుంచి దండల్లా వేలాడే పాన్ మసాలా పొట్లాలు. వెనక అరలో సిగరెట్ పెట్టెలు, బీడీ కట్టలు. పక్కన తాడుకు కట్టిన లైటరు. ఆరో తరగతి పిల్లోడి కళ్ల ఎత్తు, ఆ పలక ఎత్తు ఇంచుమించు ఒకటే. వాడు రూపాయి చాక్లెట్ కోసం వచ్చినా ముందు కనిపించేది ఆ దండలే.

ఇప్పుడు ఇద్దరు పిల్లల సంగతి. ఒకడు మా తమ్ముడు, తొమ్మిదో తరగతి, జిల్లా పరిషత్ హైస్కూలు. ఇంకొకడు మా పిన్ని కొడుకు, అదే తరగతి, నంద్యాలలో హాస్టలు ఉన్న ప్రైవేటు బడి. తెలివిలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు, అల్లరిలో అసలే లేదు. మా చిన్నాయనకు బేతంచెర్ల వైపు నాపరాళ్ల పాలిషింగ్ వ్యాపారం బాగా కలిసొచ్చింది, మా నాయనకు నాలుగెకరాల మెట్ట. తేడా అంతే. కానీ ఆ తేడా వల్ల ఒకడు ఉదయం తొమ్మిదింటికి బస్టాండు మీదుగా నడిచి బడికి పోతాడు. ఇంకొకడు గేటు లోపలే నిద్ర లేస్తాడు, గేటు లోపలే తింటాడు, పండక్కి కారులో బయటికొస్తాడు.

ఒక చిన్న లెక్క వేద్దాం. నిజంగా లెక్కపెట్టిన అంకెలు కావు, ఊహకోసమే. నడిచే దారిలో నాలుగు బంకులున్నాయనుకోండి. పోతూ నాలుగు, వస్తూ నాలుగు, వారానికి ఆరు రోజులు. మొత్తం 48 సార్లు. మధ్యాహ్నం పెన్ను రీఫిల్ కోసమో, సాయంత్రం అమ్మ చెప్పిన సామాన్ల కోసమో పోయేది కలిపితే ఇంకా పెరుగుతుంది. హాస్టల్ పిల్లోడికి ఆ వారంలో సున్నా. ఇద్దరిలో ఎవరూ ఒక్క సిగరెట్ కూడా ముట్టుకోలేదు, అయినా ఒకడికి 48, ఇంకొకడికి 0.

దీన్నే పరిశోధకులు ఎక్స్‌పోజర్ అంటారు. చుట్టుపక్కల ఎన్ని అంగళ్లున్నాయన్నది ఒక కొలత, పిల్లోడు నిజంగా ఎన్నింటి ముందునుంచి ఎంతసేపు తిరిగాడన్నది ఇంకో కొలత. రెండోదే అసలైనది. స్కాట్లాండ్‌లో పది పదకొండేళ్ల పిల్లల జీపీఎస్ జాడలను పొగాకు అమ్మే దుకాణాల చిరునామాలతో కలిపి చూసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. బాగా వెనకబడిన ప్రాంతాల పిల్లలు, బాగా ఉన్న ప్రాంతాల పిల్లలకంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా ఆ దుకాణాలకు ఎదురవుతున్నారని తేలింది. అక్కడ సిగరెట్లను అంగట్లో బయటికి కనిపించేలా పెట్టడమే నిషేధం. దాచిపెట్టే దేశంలోనే అంత తేడా ఉంటే, దండలు కట్టి వేలాడదీసే మన దగ్గర ఎంత ఉంటుందో మీరే ఆలోచించండి.

సరే, కనిపిస్తే ఏమైంది? చూసిన ప్రతివాడూ కాలుస్తాడా? కాల్చడు. కానీ మూడు పనులు నిశ్శబ్దంగా జరుగుతాయి. రోజూ చూసేది మామూలు వస్తువైపోతుంది. ఉప్పు, పప్పు, అగ్గిపెట్టె, బీడీ కట్ట అన్నీ ఒకే వరస. ఎక్కడ దొరుకుతుంది, ఎంతకు దొరుకుతుంది, ఏ అన్న అడక్కుండా ఇస్తాడు అన్న సమాచారం పిల్లోడి తలలోకి ఎవరూ నేర్పకుండానే చేరిపోతుంది. మూడోది, మానాలనుకున్నవాడికి ప్రతి బంకూ ఒక గుర్తు. ఇంటర్‌లో మొదలుపెట్టి ఇప్పుడు మానలేకపోతున్న మన హాస్టల్ మిత్రుల్ని అడగండి. "రూములో ఉన్నంతసేపు ఏం కాదు మామా, గేటు దాటితేనే గుర్తొస్తది" అంటారు.

మొదలయ్యే వయసు సంగతి చూస్తే నాకు నిజంగా భయమేసింది. 2019లో దేశమంతా 13 నుంచి 15 ఏళ్ల బడి పిల్లల మీద ప్రపంచ యువత పొగాకు సర్వే నాలుగో విడత జరిగింది. 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నామని చెప్పారు. అంటే పన్నెండుమందిలో ఒకరు. మొదలుపెట్టిన మధ్యస్థ వయసు సిగరెట్‌కు 11.5, బీడీకి 10.5, నమిలే రకాలకు 9.9 ఏళ్లు. మధ్యస్థం అంటే మీకు చెప్పక్కర్లేదు, ఎం3లో చదివాం. నమిలేవాళ్లలో సగం మంది పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారని అర్థం. ఇంకో వరస కూడా గమనించండి. ఎంత చవకైన సరుకైతే అంత చిన్న వయసు. పొట్లం, తర్వాత బీడీ, తర్వాత సిగరెట్. పిల్లోడి జేబులో ఉన్న చిల్లర ఏది అనుమతిస్తే అదే మొదటిది. బీడీల మీద పన్ను సిగరెట్ల మీదకంటే చాలా తక్కువ అన్నది కూడా ఇక్కడ కలుపుకోవాలి.

పెద్దవాళ్లలోనూ ఇదే వాలు. 2016-17 పెద్దల సర్వే ప్రకారం దేశంలో 28.6 శాతం మంది పొగాకు వాడుతున్నారు. పట్నాల్లో 21.2, పల్లెల్లో 32.5. చదువు తగ్గేకొద్దీ వాడకం పెరుగుతుంది. పల్లెలోళ్లకు బుద్ధి లేదు కాబట్టి అంటారు కొందరు. నాకు ఈ మాట అస్సలు నచ్చదు. రాయి కోసేచోట, పాలిష్ పట్టేచోట పన్నెండు గంటలు నిలబడేవాడికి ఆకలిని కాసేపు ఆపేది, ఐదు నిమిషాలు కూర్చునే సాకు ఇచ్చేది ఆ బీడీ ఒక్కటే. టీ బ్రేక్ అడిగితే మేస్త్రీ ఒప్పుకోడు, బీడీ కోసమంటే ఒప్పుకుంటాడు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లోడికి అంగడిలో కనిపించినదే ఇంట్లోనూ కనిపిస్తుంది.

ఇంకొకటి ఉంది, మన పల్లెలకే ప్రత్యేకం. స్కాట్లాండ్ లెక్కల్లో ఇది దొరకదు. "రేయ్, పోయి బీడీ కట్ట తీస్కరాపో" అని పిల్లోణ్ని పంపడం. అంగడామె అడుగుతుంది, "ఎవురికిరా?" "మా నాయనకు." అంతే, ఇచ్చేస్తుంది. ఆమె తప్పు చేస్తున్నాననుకోదు, సాయం చేస్తున్నాననుకుంటుంది. చట్టం మాత్రం ఎవరి కోసం కొన్నాడని అడగదు, ఎవరి చేతికి ఇచ్చావని అడుగుతుంది. 2015 బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ ఇంకా గట్టిది. పిల్లలకు పొగాకు ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష వరకు జరిమానా. ఈ సెక్షన్ ప్రకారం చూస్తే మా ఊళ్లో సగం మంది నాయనలు లోపలుండాలి. అలా చెయ్యమని నేననడం లేదు. చట్టం రాసినవాళ్లకూ, దాని కింద బతికేవాళ్లకూ మధ్య ఎంత దూరముందో చెబుతున్నా.

అటువైపు కోట్పా ఆరో సెక్షన్ ఉల్లంఘనకు జరిమానా 200 రూపాయల దాకా. ఒకదానికి ఏడేళ్లు, ఇంకోదానికి 200. మధ్యలో ఆచరణకు పనికొచ్చేది ఏదీ లేదు.

ఇప్పుడు అసలు 100 గజాల దగ్గరికొద్దాం. మనం ఇంజనీరింగ్ వాళ్లం కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం. 100 గజాలంటే 91.44 మీటర్లు. నిబంధనల ప్రకారం బడి ప్రహరీ లేదా కంచె బయటి అంచు నుంచి, అన్ని వైపులా గీత గీసినట్టు కొలవాలి. రోడ్డు వెంబడి కాదు. చదరంగా ఉన్న స్థలం అనుకుంటే, ఒక పక్క పొడవు 50 మీటర్లుంటే దాని చుట్టూ వచ్చే నిషేధ ప్రాంతం సుమారు 44,500 చదరపు మీటర్లు, అంటే 11 ఎకరాలు. చిన్న పల్లెలో 11 ఎకరాలంటే బస్సు ఆగేచోటు, రచ్చబండ, గుడి, ఉన్న నాలుగు అంగళ్లు అన్నీ అందులోకే వచ్చేస్తాయి. ఊరు మొత్తం నిషేధ ప్రాంతమైతే, ఎవరూ పాటించరు. పాటించరని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగరు.

అదే పక్కకు 500 మీటర్లున్న మన క్యాంపస్‌లాంటిది తీసుకోండి. మధ్యలో నిలబడితే గోడకే 250 మీటర్లు, ఆ తర్వాత 91. చట్టప్రకారం ఉండగలిగిన మొదటి బంకు 341 మీటర్ల అవతల. 50 మీటర్ల బడి మధ్యలో నిలబడినవాడికి అది 116 మీటర్లే. ఎంత పెద్ద స్థలం కొనగలిగితే అంత దూరం. చట్టం అందరికీ 100 గజాలే ఇచ్చింది, మిగతా దూరం డబ్బు ఇచ్చింది. ప్రహరీయే లేని బడికి ఎక్కడినుంచి కొలవాలి? ప్రహరీ కూలిపోయినచోట పిల్లలు వేసుకున్న అడ్డదారి నేరుగా బంకు దగ్గరికే పోతే?

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. 91 మీటర్లు నడవడానికి ఎంతసేపు పడుతుంది? ఒక నిమిషం పైన కొద్దిగా. మా తమ్ముడు నడిచేది రెండు కిలోమీటర్లు, 25 నిమిషాలు పైనే. చట్టం కాపలా కాసేది ఆఖరి నిమిషాన్ని. మిగతా దారంతా వాడి అదృష్టం. గేటు దగ్గర దిగే బడి బస్సులో పోయేవాడికి ఆ ఆఖరి నిమిషం కూడా అవసరం లేదు. అంటే ఈ నియమం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకు తక్కువ పనిచేస్తుంది.

లూజు అమ్మకం దీనికి తోడు. ప్యాకెట్ కొనాలంటే పిల్లోడి దగ్గర డబ్బుండదు. ఒక్కటి కొనాలంటే ఉంటుంది. ఒక్కటి కొన్నవాడికి ఆ 85 శాతం బొమ్మ కనిపించదు కూడా, ప్యాకెట్ బంకులోనే ఉండిపోతుంది కదా. కోట్పాను సవరిస్తూ కేంద్రం 2020 పేరుతో తెచ్చిన ముసాయిదాలో లూజు అమ్మకం ఆపాలని, వయసు 21కి పెంచాలని ప్రతిపాదన ఉంది. నమిలే సరుకుది ఇంకో తెలివి. తినే వస్తువుల్లో పొగాకు, నికోటిన్ కలపకూడదని 2011 ఆహార భద్రతా నిబంధనల్లో ఉంది. గుట్కా ఆగింది ఆ మాట మీదే. వెంటనే పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం వచ్చాయి. రెండూ పక్కపక్కనే వేలాడతాయి. కలుపుకునే పని మాత్రం కొన్నవాడిది.

బంకులు తీసేస్తే సరిపోతుంది కదా అని మీకనిపించి ఉంటుంది. నాకూ చాన్నాళ్లు అలాగే అనిపించేది. సెలవుల్లో మా రోడ్డు మీద బంకు నడిపే ఒక అవ్వను అడిగా, సిగరెట్లు ఎందుకవ్వా పెట్టడం అని. "దాని మీద నాకేం మిగుల్తాది అబ్బీ? సిగిరెట్టుకొచ్చినోడు టీ తాగుతాడు, టీ తాగినోడు రెండు బోండాలు తింటాడు. అది ల్యాకపోతే ఆ పక్క బంకుకు పోతాడు" అంది. ఆమె చెప్పిన లెక్కలో తప్పేం లేదు. సరుకు తయారుచేసేవాళ్లకు ఆ బంకు ఖర్చులేని ప్రచారం, ఆమెకు పూట గడిచే మార్గం. ఆమె ఒక్కతే మానితే ఆమె నష్టపోతుంది. అందరూ ఒకేసారి మానితే ఎవరికీ ఏమీ కాదు, టీ తాగేవాడు టీ ఎలాగూ తాగుతాడు. గేమ్ థియరీలో చదివింది నాకు అక్కడ అర్థమైంది, పరీక్షలో కాదు.

అందుకే లైసెన్స్ అనే ఆలోచన నాకు సబబుగా తోస్తుంది. పొగాకు అమ్మాలంటే పంచాయతీ లేదా మున్సిపాలిటీ దగ్గర అనుమతి తీసుకోవాలి, ఆ అంగట్లో చాక్లెట్లు, చిప్స్, కూల్‌డ్రింకులు ఉండకూడదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే రాష్ట్రాలకు ఇలా చెయ్యమని సలహా రాసింది. ఇందులో ఉన్న కిటుకు ఏమిటంటే, అవ్వ ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఆమె బోండాలనే ఎంచుకుంటుంది, పక్క బంకువాడు కూడా అదే చేస్తాడు. పిల్లోడు రీఫిల్ కొనే చోట పొగాకు ఉండదు. ఉన్నచోట పిల్లోడికి పనుండదు. నమోదైన అంగళ్లకు ఒక జాబితా ఉంటుంది కాబట్టి ఎక్కడ ఎన్ని పోగుపడ్డాయో కూడా తెలుస్తుంది. బడుగుల వాడల్లోనే ఎందుకు పోగుపడ్డాయని అప్పుడు అడగొచ్చు.

ఇది జరిగే పని కాదనేవాళ్లకు తిరుమలను చూపిస్తా. అలిపిరి దగ్గర సామాన్లు తనిఖీ చేసి పొగాకు తీసేస్తారు, కొండ మీద సిగరెట్ బంకు ఉండదు. అంత జనంలోనూ అది నడుస్తోంది. ఎందుకంటే అక్కడ లోపలికి పోయే దారులు తక్కువ, అడిగే మనిషి ఉన్నాడు, అందరికీ ఒకే నియమం. యాగంటికి అలిపిరి లేదు. మా తమ్ముడి దారికీ లేదు. కానీ దేవుడి దగ్గరికి పోయే దారికి పెట్టగలిగిన కాపలాలో పదో వంతు బడికి పోయే దారికి పెట్టలేమా అని నాకు ఉక్రోషం.

ఇక మన గేటు సంగతి. బయట వరసగా ఉన్న బంకులకు గిరాకీ ఎవరు? మనమే. మనలో అందరికీ 18 నిండాయి, కొనుక్కునే హక్కుంది, నేనెవర్నీ తప్పుపట్టను. అయితే ఆ బంకుల ముందునుంచే సాయంత్రం నాలుగున్నరకు పక్క ఊరి బడి పిల్లలు పోతారు. గమనించారా? మన కోసం వచ్చిన బంకులు వాళ్ల దారిలో పడ్డాయి. మనం నాలుగేళ్లకు వెళ్లిపోతాం, వాళ్లు అక్కడే ఉంటారు.

ఒక పని చేద్దామని ఎన్ఎస్ఎస్ వాళ్లతో మాట్లాడా. క్యూజీఐఎస్ ఉచితం, సివిల్ వాళ్లకు వచ్చు కూడా. మన చుట్టూ ఉన్న ప్రభుత్వ బడులు, ప్రైవేటు బడులు తీసుకుని ప్రతి ప్రహరీ చుట్టూ 91.44 మీటర్ల బఫర్ గీయాలి. బంకులు ఏ మ్యాపులోనూ ఉండవు, ఇవాళ ఇక్కడుంటే రేపు అక్కడికి జరుగుతాయి, కాబట్టి నడిచే గుర్తించాలి. బఫర్ ఒక్కటే చాలదు, పిల్లలు నడిచే దారులు కూడా గీయాలి. అవి పిల్లల్నే అడగాలి, గూగుల్ చూపించే దారిలో ఏ పిల్లోడూ పోడు. అంగడివాళ్ల పేర్లు రాసుకోవద్దు, ఫొటోలు తియ్యొద్దు. కావాల్సింది చుక్కలు మాత్రమే, అవ్వను పట్టించడం కాదు. మ్యాపు తయారయ్యాక రెండు కాపీలు, ఒకటి హెడ్మాస్టర్లకు, ఒకటి పంచాయతీకి. మిడ్-2 అయ్యాక వచ్చే శనివారం మధ్యాహ్నం రెండింటికి లైబ్రరీ మెట్ల దగ్గర కలుద్దాం. ఎండగా ఉంటుంది, టోపీలు తెచ్చుకోండి.